ముంగిట్లోకి వచ్చిన బడి: 'అంగన్‌వాడీ' అనే మాటను మళ్ళీ చదువుతూ

అంగన్‌వాడీ అన్న మాటను మనం రోజూ వింటాం. దాని అర్థమేమిటని మాత్రం అంతగా ఆలోచించం. తెలుగు చెవికి అందులో 'అంగన' వినిపిస్తుంది. ఆడవాళ్ళు నడిపే చోటు, గర్భిణులూ బాలింతలూ వచ్చే చోటు కాబట్టి ఆ పేరు పెట్టారనుకునేవాళ్ళు మన విశ్వవిద్యాలయాల్లోనే చాలామంది ఉన్నారు. మరాఠీ, హిందీల్లో ఆంగన్ అంటే ముంగిలి. మనకూ 'అంగణం' అనే మాట ఉంది. ణకారం నకారం అయ్యేసరికి ముంగిలి కాస్తా ఆడమనిషై కూర్చుంది. పొరపాటు చిన్నదే కానీ, ఈ దేశంలో ఆరేళ్ళలోపు పిల్లల సంరక్షణకు జరిగింది కూడా సరిగ్గా ఇదేనని నాకనిపిస్తుంది. ఒక స్థలం గురించి, అంటే బడి ఎక్కడుండాలి, ఎవరి వాకిట్లో ఉండాలి అన్న దాని గురించి పుట్టిన రాజకీయమైన ఆలోచన, క్రమంగా ఆడవాళ్ళ సహజ గుణానికి సంబంధించిన వ్యవహారంగా మారిపోయింది.

సాహిత్య పరిశోధకురాలికి అంగన్‌వాడీతో పనేమిటని అడగవచ్చు. నేను విధానాల నిపుణురాలిని కాను. కానీ ప్రభుత్వ పథకానికి కూడా ఒక భాష ఉంటుంది. అందులో పాత్రలుంటాయి, విశేషణాలుంటాయి, చెప్పకుండా వదిలేసినవీ ఉంటాయి. కథనూ నవలనూ స్త్రీవాద దృష్టితో చదవడం నేర్చుకున్న మనం, లక్షలాది స్త్రీల జీవితాన్ని శాసించే ఈ భాషను కూడా అదే శ్రద్ధతో చదవాలి కదా!

మొదట ఆ మాట పుట్టిన చోటికి వెళ్దాం. 1945లో తారాబాయి మోదక్ అప్పటి ఠాణే జిల్లాలో, సముద్రతీరంలో ఉన్న బోర్డీ అనే ఊళ్ళో బాలవాడీ మొదలుపెట్టారు. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది. భర్త నుంచి విడిపోయి, సొంత కాళ్ళ మీద నిలబడి, భావనగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి ఏళ్ళ తరబడి శిశు విద్యలో పనిచేసిన మనిషి. ఆమెతో కలిసి పనిచేయడానికి అనూతాయి వాఘ్ వచ్చారు. 1910లో పుట్టిన అనూతాయికి పదమూడేళ్ళకే పెళ్ళయింది, కొద్ది నెలలకే భర్త పోయాడు. ఆ తర్వాత ఆమె చదువుకుని టీచరయ్యారు.

బోర్డీ బాలవాడీకి ఊళ్ళో పిల్లలు వచ్చారు. ఆనాటి మాటల్లో హరిజనవాడ అనేవారే, అక్కడి పిల్లలు మాత్రం రాలేదు. ఇలాంటప్పుడు మన సంస్కర్తలకు అలవాటైన దారి ఒకటుంది. తల్లిదండ్రులకు చదువు విలువ తెలీదని బాధపడడం, వాళ్ళను చైతన్యపరచాలని తీర్మానించడం. తారాబాయి, అనూతాయి ఆ దారిన పోలేదు. బాలవాడీనే ఆ వాడకు తీసుకెళ్ళి, ఒక ఇంటి ముంగిట్లో పెట్టారు. ముంగిట్లో పెట్టిన బాలవాడీ కాబట్టి అంగన్‌వాడీ. మాంటిస్సోరి పద్ధతిలో వాడే ఖరీదైన సామగ్రి అక్కడ పనికిరాదు కాబట్టి గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళతో ఆ పని నడిపించారు.

ఇందులో ఉన్న తర్కాన్ని గమనించాలి. మిగిలిపోయిన పిల్లను లోపలికి చేర్చుకోవడమే 'అందరినీ కలుపుకోవడం' అని మనం సాధారణంగా అనుకుంటాం. చోటు మనది, నియమాలు మనవి, దయ కూడా మనదే. అక్కడ సర్దుకోవలసింది పిల్లే. బోర్డీలో తలకిందులైంది ఈ సంబంధమే. పిల్ల ఉన్నచోటే ఉంది, కదిలింది బడి. తెలుగులో 'వాడ' అంటే మనకు వెంటనే తోచే అర్థం ఏమిటో చెప్పనక్కర్లేదు. మరాఠీలో వాడీ అంటే తోట అనీ, చిన్నపల్లె అనీ అర్థాలున్నాయి. మన చెవికి ఆ మాటలో ఊరికి అవతలి వాడ కూడా వినిపిస్తే అది తప్పు వినడం కాదనీ, ఈసారి మన చెవి చరిత్రకు దగ్గరగా వెళ్ళిందనీ అంటాను.

అయితే ఈ కథను ఆరాధనతో చదివి ఊరుకుంటే విమర్శ కాదు. అంగన్‌వాడీలో రోజు శుభ్రతతో మొదలయ్యేది. పిల్లలకు స్నానం చేయించడం, తల దువ్వడం, ఆ తర్వాతే పాటలూ ఆటలూ. చర్మవ్యాధులతో బాధపడే పిల్లలకు అది అవసరమే, కాదనను. కానీ అగ్రకుల సంస్కర్త దళితవాడలోకి అడుగుపెట్టగానే మొదట కనిపించేది మురికే కావడం మన సంస్కరణ సాహిత్యమంతటా ఉన్న విషయం. ఆ పిల్లకు సబ్బు, నీళ్ళు ఎందుకు అందలేదు, ఊరి బావి ఎవరిది అనే ప్రశ్నలు స్నానం చేయించిన చేతులు అడిగాయా? బడి వాడకు కదిలింది నిజమే కానీ, వాడ నుంచి టీచరు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. దళిత స్త్రీవాదం నేర్పిన చూపుతో చదివితే ముంగిట్లోకి వెళ్ళడం తొలి అడుగు మాత్రమే. ఆ ముంగిలి మీద అధికారం ఎవరిదన్నది తర్వాతి ప్రశ్న.

ఆ రెండో ప్రశ్నకు కొంత దగ్గరగా వెళ్ళిన పని కోస్‌బాడ్ గుట్ట మీద జరిగింది. 1950ల రెండో సగంలో తారాబాయి, అనూతాయి బోర్డీ నుంచి అక్కడికి, వార్లీ ఆదివాసుల మధ్యకు మారారు. పశువులు కాసే పిల్లలు బడికి రాలేరు కనుక పచ్చిక బయళ్ళలోనే బడి పెట్టారు. మరో చిక్కు ఆడపిల్లలది. బడికి రావలసిన ఏడెనిమిదేళ్ళ పిల్ల చంకలో తమ్ముడో చెల్లెలో ఉండేవారు. ఆ పిల్లను బడికి రమ్మంటే చంకలో పసిబిడ్డను ఎవరు చూడాలి? అందుకని శిశుసంరక్షణ కేంద్రం, బాలవాడీ, ప్రాథమిక పాఠశాల మూడూ ఒకే ఆవరణలో కలిపి నడిపారు. దానికి వికాసవాడీ అని పేరు పెట్టారు. అక్క తన చదువు చదువుకుంటుంది, పక్కగదిలో తమ్ముడు ఆడుకుంటాడు.

ఈ దేశంలో శిశు సంరక్షణ చేస్తున్న మొట్టమొదటి 'కార్యకర్త' ఆ అక్కే. జీతం లేదు, పేరు లేదు, లెక్కలోకి రాదు. మన తెలుగు కథల్లో బిడ్డనెత్తుకున్న అక్క ఎన్నిసార్లు కనిపిస్తుందో గుర్తుచేసుకోండి. ఆమెను మనం ఒక ఆర్ద్రమైన బొమ్మగానే చూశాం. ఆమె పోగొట్టుకున్న చదువును లెక్కగట్టలేదు. వికాసవాడీ ఆ అక్కను బొమ్మగా చూడలేదు, హాజరుపట్టీలో ఖాళీగా ఉన్న పేరుగా చూసింది. పసిపిల్లలకు మంచి సంరక్షణ ఉంటే దానివల్ల మొదట బాగుపడేది పెద్ద ఆడపిల్ల అని డెబ్భై ఏళ్ళ కిందటే ఆచరణలో చూపించిన స్త్రీలు వాళ్ళు.

ఇంత పని చేసినవాళ్ళు మన చర్చల్లో ఎందుకు లేరు? బాలల విద్య మీద తెలుగులో మాట్లాడే ఏ సభకు వెళ్ళినా నాకు గిజుభాయి 'పగటికల' వినిపిస్తుంది, తెత్సుకో కురొయనాగి 'రైలుబడి'లోని కొబయాషి మాస్టారు వినిపిస్తారు. రెండూ మంచి పుస్తకాలే, నాకూ ఇష్టమే. కానీ రెండింటిలోనూ నాయకుడు పురుషుడు. పైగా రైలుబడి ఎంత అందమైనదైనా పిల్లలు వెతుక్కుంటూ వెళ్ళిన బడే. గిజుభాయిని గుజరాతీలో ప్రేమగా 'మూఛాళీ మా' అనేవారు, మీసాల అమ్మ అని. పసిపిల్లల్ని ప్రేమగా చూసే మగవాడు కనిపిస్తే లోకం ఆశ్చర్యపోయి ఒక బిరుదిచ్చింది. అదే పని చేసిన స్త్రీకి అటువంటి బిరుదు అవసరమనిపించదు, ఎందుకంటే ఆమె చేసింది ఆమె స్వభావం కదా! తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనూతాయికి 1985లో పద్మశ్రీ వచ్చిన మాట నిజమే. పురస్కారం వేరు, ఆలోచనాపరులుగా గుర్తింపు వేరు. అతడిది 'ప్రయోగం', ఆమెది 'సేవ'. ఒకే పనికి రెండు పేర్లు పెట్టడంలో ఉన్న వివక్ష ఆ తర్వాత పథకం భాషలోకి నేరుగా దిగింది.

తెలుగు స్త్రీల పాత్ర కూడా ఈ కథలో ఉంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. బోర్డు ఇచ్చిన గ్రాంట్లతో పల్లెల్లో మహిళా మండళ్ళూ, స్వచ్ఛంద సంస్థలూ బాలవాడీలు నడిపాయి. ప్రభుత్వ డబ్బును స్థానిక స్త్రీల సంఘాల చేతికి అందించాలన్న ఆలోచన గొప్పది. దానితోపాటే, పసిపిల్లల పని అంటే స్వచ్ఛందంగా చేసేదన్న భావన కూడా గట్టిపడింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 బ్లాకుల్లో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు, తారాబాయి పెట్టిన పేరుతోపాటు ఈ స్వచ్ఛంద భావన కూడా అందులోకి వచ్చింది. ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. స్త్రీలే నడిపే ఇంత పెద్ద వ్యవస్థ ప్రపంచంలో మరెక్కడైనా ఉంటే అరుదే.

ఈ పథకం మాటల్ని వరసగా పెట్టుకుని చదివితే వింతగా ఉంటుంది. పిల్లలు 'లబ్ధిదారులు'. టీచరు 'కార్యకర్త'. వండి, ఊడ్చి, ఎత్తుకొచ్చే ఆమె 'సహాయకురాలు', ఊళ్ళో 'ఆయా'. వాళ్ళకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఈ చివరి మాట మరీ గడుసుది. గౌరవం ఎక్కువైన కొద్దీ వేతనం తగ్గించవచ్చు. 2018 అక్టోబరు నుంచి కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250. దానికి రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. దానికి తోడు మన తెలుగు రాష్ట్రాల నియామక ప్రకటనల్లో అభ్యర్థి స్థానికురాలై ఉండాలని, వివాహిత అయి ఉండాలని షరతులుంటూ వచ్చాయి. పిల్లల్ని పెంచే పనికి పెళ్ళి అర్హతట! భర్త నుంచి విడిపోయిన ఒక స్త్రీ, చిన్నప్పుడే వితంతువైన మరో స్త్రీ కలిసి ఆలోచించి నిలబెట్టిన సంస్థలో ఉద్యోగానికి పెళ్ళి సర్టిఫికెట్టు కావాలనడాన్ని ఏమనాలి? రాజస్థాన్‌లో ఇలాంటి షరతునే అక్కడి హైకోర్టు 2023లో తప్పుపట్టింది.

ఇక ముంగిలి సంగతి. బోర్డీలో దొరికిన జవాబు పథకంలో ఏమైంది? కేంద్రం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అది ఊరి నడిబొడ్డుకో, పలుకుబడి ఉన్నవాళ్ళ వీధికో జరుగుతూ వచ్చింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు దీన్ని గుర్తించింది. దళిత, ఆదివాసీ ఆవాసాలన్నింటిలో అంగన్‌వాడీలు ఉండాలని, కొత్త కేంద్రాలకు ఆ ఆవాసాలకే ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో ఆదేశించింది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసాలకు, అడిగిన మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబరు 13న చెప్పింది. చట్టం భాషలో రాసిన ఈ ఆదేశాల్లో నాకు 1945 నాటి బోర్డీ వినిపిస్తుంది. బడి రావాలని అడిగే హక్కు వాడకు ఉందని అవి అంటున్నాయి.

స్థలంతో పాటు వంట కూడా ప్రశ్నే. సుఖదేవ్ తోరట్, జోయల్ లీ 2005లో ప్రచురించిన అధ్యయనం మధ్యాహ్న భోజనం గురించినది, ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాలను పరిశీలించింది. భోజనం ఎక్కడ పెడుతున్నారు, వండేది ఎవరు అనే రెండు విషయాలను బట్టే దళిత పిల్లల అనుభవం మారుతుందని అది చూపించింది. అంగన్‌వాడీకీ ఈ మాట వర్తిస్తుంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒకపూట పూర్తి భోజనం పెట్టాలన్నారు. ఇది పోషకాహారం సంగతి మాత్రమే కాదు. మాదిగ ఇంటి ఆయా వండిన అన్నాన్ని పెద్దకులం కోడలు ఆ గదిలోనే కూర్చుని తింటుందా, గిన్నెలో పెట్టించుకుని ఇంటికి పట్టుకుపోతుందా? ఆ చిన్న నిర్ణయంలో ఊరి చరిత్ర అంతా ఉంటుంది. అయినా ఏ రిజిస్టరులోనూ దానికో గడి ఉండదు. గుడ్ల లెక్క ఉంటుంది, బరువుల లెక్క ఉంటుంది. పక్కపక్కన కూర్చున్నారా అన్న లెక్క లేదు. ఆ గదిలో కులం మెల్లగా సడలేలా చూసేది, పిల్లలు ఒకే చాప మీద కూర్చునేలా మాటలతో నెట్టుకొచ్చేది ఆ టీచరూ ఆయానే. పసిపిల్లల కేంద్రాలు సమాజానికి ఏం చేస్తున్నాయని అడిగితే నేను మొదట చెప్పేది కనిపించని ఈ పనే.

ముంగిలే లేని పిల్లల మాటేమిటి? పాలమూరు నుంచి వలసపోయిన కూలీల పిల్లలకు ముంగిలి అంటే ఇసుక కుప్ప. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి కోసం కడుతున్న ప్రదర్శనశాల దగ్గర, కూలీల పిల్లలు దుమ్ములో పడి ఉండడం చూసి మీరా మహదేవన్ అక్కడే గుడారంలో శిశుసంరక్షణ కేంద్రం మొదలుపెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ అయింది. తారాబాయి తర్కమే ఇది, ముంగిలి కదిలితే బడీ కదలాలి. మన పథకం మాత్రం స్థిరనివాసాన్ని నమ్ముకుని ఉంది. పైగా కేంద్రం వేళలు కూలితల్లి వేళలతో కలవవు. మధ్యాహ్నానికో, సాయంత్రం తొందరగానో తలుపు మూసే కేంద్రం, చీకటి పడ్డాక ఇంటికొచ్చే తల్లికి ఎంత ఆసరా? మిగిలిన గంటలు మళ్ళీ ఆ అక్కే చూడాలి.

వైకల్యమున్న పిల్లల విషయానికి వస్తే 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీలకు ఒక ప్రత్యేక ప్రోటోకాల్ ప్రకటించింది. పిల్లల్లో ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించడం, కేంద్రంలో కలుపుకోవడం, పైస్థాయికి పంపడం అందులో ఉన్నాయి. చాలా అవసరమైనది. కానీ గుర్తించేది ఎవరు? ఇంటింటికీ తిరిగే టీచరే. బరువు తూచేది, టీకాలు గుర్తుచేసేది, పోషణ్ ట్రాకర్ ఫోనులో నింపేది కూడా ఆమే. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకుకు లబ్ధిదారు ముఖాన్ని ఫోను గుర్తుపట్టాలన్న నియమం వచ్చింది. ఎదురుగా నిలబడ్డ గర్భిణి పేరూ, ఇల్లూ, అత్తమామల సంగతీ టీచరుకు తెలుసు. కానీ ఆమె ఎరిక చాలదు, ఫోనుకు కూడా ఎరికపడాలి. ఊరి మనిషిని ఊరి మనిషే గుర్తుపట్టడం మీద నిలబడ్డ సంస్థలో అపనమ్మకాన్ని ఇలా నియమంగా మార్చేశారు. కలుపుకోవడమంటే కొత్త బాధ్యతల్ని ఒకే స్త్రీ మీద పేర్చుకుంటూ పోవడమేనా?

ఈ ప్రశ్న వాళ్ళే అడిగారు. 2023 సెప్టెంబరులో తెలంగాణలో అంగన్‌వాడీ ఉద్యోగులు సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలైన సమ్మె 42 రోజులు, 2024 జనవరి 22 దాకా నడిచింది. కనీస వేతనం, గ్రాట్యుటీ వాళ్ళ ముఖ్యమైన డిమాండ్లు. జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం, అదే ఎస్మా, ప్రయోగించింది. ఇక్కడ భాష తనను తానే బయటపెట్టుకుంది. జీతం అడిగితే మీది స్వచ్ఛంద సేవ, పని ఆపితే మీది అత్యవసర సేవ! రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. అంతకుముందే, 2022 ఏప్రిల్ 25న గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని, వాళ్ళకిచ్చే గౌరవ వేతనం ఆ చట్టం దృష్టిలో వేతనమేనని తీర్పు చెప్పింది. 'గౌరవ' అన్న విశేషణాన్ని తీసేసి చదవమని న్యాయస్థానమే చెప్పిందన్నమాట. ఒక సాహిత్య విద్యార్థిగా నేను చదివిన మంచి విమర్శల్లో ఆ తీర్పును చేర్చుకుంటాను.

ఇప్పుడు గాలి మరోవైపు వీస్తోంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల చదువుకు ప్రాముఖ్యం ఇచ్చింది. అంగన్‌వాడీలను ప్రాథమిక పాఠశాలల ఆవరణల్లోకి చేర్చడాన్ని ఒక మార్గంగా చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 తర్వాత ఫౌండేషన్ స్కూళ్ళ పేరుతో ఆ దారిలో చాలా ప్రయత్నం జరిగింది. చదువు మెరుగవుతుందన్న ఆశను నేను కొట్టిపారేయను. అక్కాతమ్ముళ్ళను ఒకే ఆవరణలోకి తెచ్చిన వికాసవాడీని మెచ్చుకుని, దీన్ని తిట్టడం కూడా న్యాయం కాదు. కానీ కోస్‌బాడ్‌లో బడి మొత్తం పిల్లలున్న చోటికి వెళ్ళింది. ఇక్కడ వాడలో ఉన్న కేంద్రం ఊరి బడికి వెళుతోంది. మూడేళ్ళ పిల్ల రోడ్డు దాటి, ఊరు దాటి రావాలి. ఆమెను ఎవరు తీసుకొస్తారు? కూలికి పోయిన తల్లా, మళ్ళీ అక్కేనా? కేంద్రాన్ని కదిపే ప్రతి ఉత్తర్వునూ మనం ఈ ఒక్క ప్రశ్నతో చదవాలి: దీనివల్ల నడవాల్సి వచ్చేది బడా, పిల్లా?

రచయిత్రులుగా, అధ్యాపకులుగా మనం చేయగలిగినవి కొన్నున్నాయి. తారాబాయి, అనూతాయిల రచనల్ని తెలుగులోకి తెచ్చుకోవాలి. వాళ్ళను దయామూర్తులుగా కాక, కులం గురించీ, ఆడపిల్ల శ్రమ గురించీ ఒక సిద్ధాంతాన్ని ఆచరణలో నిర్మించినవాళ్ళుగా, దాని పరిమితులతో సహా చదవాలి. మన రెండు రాష్ట్రాల అంగన్‌వాడీ టీచర్ల, ఆయాల అనుభవాల్ని వాళ్ళ మాటల్లోనే నమోదు చేయాలి. దళితవాడల్లో, గూడేల్లో ముప్పై ఏళ్ళుగా ఈ పని చేసినవాళ్ళ దగ్గర ఆ ఊళ్ళ సామాజిక చరిత్ర ఉంది. వాళ్ళు ఉద్యోగం నుంచి దిగిపోతే అది కూడా పోతుంది. ఇక మనం రాసేటప్పుడు, కనీసం మనం, వాళ్ళకు అందేదాన్ని జీతమనే రాద్దాం.